పరదేశికి పని యిచ్చుట దయయా, న్యాయమా?

(చదువవలసిన భాగములు: మత్తయి 20:1-16, ఆదికాండము 47:1-6, ద్వితీయోపదేశకాండము 24:14-22, రూతు 2వ అధ్యాయము)



ద్రాక్షతోట కూలివారి ఉపమానము మనకందరికి కంఠస్థమే. దానిని దేవుని కృపను గూర్చి బోధించుటకు వాడుదుము. అది తప్పు కాదు. కడపటి గంటకు వచ్చినవానికిని, తెల్లవారగానే వచ్చినవానికిని ఒకే దేనారము దొరికెను. మేమును అనేక సంవత్సరములు ఆలాగే ప్రసంగించితిమి. అయితే ఆ కథలో మేము దాటిపోయిన సంగతి యొకటి గలదు. ప్రొద్దు గ్రుంకుటకు ఇంక ఒక గంట యుండగా తోట యజమానుడు సంతవీధికి పోయి, అక్కడ నిలిచియున్నవారిని చూచి, ఇంతసేపు పని లేక యుండుటకు కారణమేమని అడుగును. తమ్మును పిలిచినవారెవరును లేరని వారు చెప్పుదురు. వారు సోమరులు కారు. ప్రొద్దున మొదలుకొని పనికై కాచుకొన్నవారే. సెమినరీలో మాకు గ్రీకు అక్షరములు నేర్పిరి, వ్యాఖ్యానములు చదివించిరి. కాని ఆ జవాబులోని బరువు మాకు మలక్‌పేటలో తెలిసినది.

మా గ్రామమునుండి పట్నమునకు పోవు బస్సులు నల్లగొండ రోడ్డు మీదుగా పోవును. ఆ రోడ్డు పేరనే మలక్‌పేటలో నల్లగొండ చౌరస్తా యున్నది. మా సంఘపు యువకులు కొందరు పంటపని లేని నెలలలో ఆ ప్రాంతమున గది అద్దెకు తీసికొని కూలి చేసికొందురు. గత వేసవిలో వారిని దర్శించుటకు పోయి, రెండు రాత్రులు వారి గదిలోనే పండుకొంటిమి. ఒక్క గదిలో ఏడుగురు. ఉదయము అయిదు గంటలకే లేచి, అన్నము డబ్బాలలో పెట్టుకొని, ప్రార్థన చేసికొని అడ్డాకు పోయిరి. మేమును వారి వెంట పోతిమి.

ఆరు గంటలకే అక్కడ మనుష్యులు నిండియుండిరి. తాపీ పట్టినవారొక ప్రక్క, రంగులు వేయు కుంచెలు పట్టినవారొక ప్రక్క, పార గంప మాత్రమే గలవారు వేరొక ప్రక్క. స్త్రీలు కొంగులు తలకు చుట్టుకొని గోడ నానుకొని కూర్చుండిరి. మేస్త్రీ బండి దిగగానే పదిమంది చుట్టుముట్టిరి. అతడు చేతులు, భుజములు చూచి ముగ్గురిని ఏరుకొని పోయెను. ఎనిమిది గంటల వరకు ఈలాగు జరిగెను. తొమ్మిది దాటిన తరువాత వచ్చువారు తగ్గిరి. పదిగంటలకు ఎండ ముదిరినప్పుడు ఇంకను ముప్పదిమంది నిలిచియుండిరి. వారిలో ముసలివారు, ఒక కాలు ఈడ్చుచు నడచువాడు, చంటిబిడ్డ గల తల్లి యుండిరి. అక్కడికి దగ్గరనే ఉల్లిగడ్డల గంజి గలదు. అక్కడ బస్తాలు మోయు పని దొరకునేమోనని ఇద్దరు అటు పోయిరి గాని, అక్కడ హమాలీలకు తమ తమ జట్లు గలవు, క్రొత్తవానిని రానియ్యరు.

గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో సేవకుడగు మాలిక్ యాకూబ్ పేరున ఈ పేటకు ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. ఒక సేవకుని పేరు పెట్టుకొన్న పేటలో, పిలిచేవారు లేక సేవకులు ఎండలో నిలిచియుండుట మాకు వింతగా తోచెను.

ఆ ముప్పదిమందిలో మన పాలమూరు వారు, నల్లగొండ వారు మాత్రమే లేరు. ఒడిశావారు, బీహారువారు ఉండిరి. ఇద్దరు ముగ్గురు ఎవరితోను మాటలాడక దూరముగా నిలిచిరి. వారు బర్మా దేశమునుండి పారిపోయి వచ్చి బాలాపూర్ వైపు గుడిసెలలో నుండు రోహింగ్యా శరణార్థులని మావాడొకడు చెప్పెను. చెప్పుచు ముఖము చిట్లించెను. "అయ్యగారూ, మేమడిగిన కూలికి సగానికే వాళ్లు బండి ఎక్కుతరు. మా కడుపు కొట్టేది వాళ్లే. సర్కారు వాళ్లకు గూడ పని చూపిస్తే మేమేడికి పోవాలె?" అనెను. ఆ కుఱ్ఱవాడు దుష్టుడు కాడు. ఆదివారము పాటలు పాడించువాడు. ఆ దినము వానికిని పని దొరకలేదు.

గ్రామమునకు తిరిగివచ్చి ఈ సంగతి సంఘ పెద్దల కూటములో చెప్పితిమి. పెద్దలలో ఒకరు వెంటనే బైబిలు తెరచి, తన యింటివారిని పోషింపనివాడు విశ్వాసమును విడిచినవాడగునని పౌలు తిమోతికి వ్రాసిన మాట (1 తిమోతి 5:8) చూపించిరి. మన పిల్లలకే పని లేనప్పుడు పరాయివానిని గూర్చి పాస్టరుగారు ఏల చింతింపవలెనని ఆయన భావము. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పౌలు అక్కడ మాటలాడుచున్నది ఇంటిలోని విధవరాండ్రను గూర్చియనియు, పొరుగువానిని ఆకలితో విడువుమని ఆయన చెప్పలేదనియు మేమనగలము. అయినను మలక్‌పేటలో పని దొరకని ఆ కుఱ్ఱవానికి ఆ వ్యాఖ్యానము వలన అన్నము రాదు. కావున ప్రశ్నను మరియొక వైపునుండి చూడవలెను.

పరిశుద్ధ గ్రంథములో ఆకలికి తాళలేక దేశము విడిచినవారికి ఒక ప్రభుత్వము పని యిచ్చిన సంగతి ఆదికాండము నలుబదియేడవ అధ్యాయములో కనబడును. కరువువలన యాకోబు కుటుంబము ఐగుప్తునకు వచ్చెను. ఫరో వారి వృత్తి యేమని అడిగెను. గొఱ్ఱెల కాపరులమని వారు చెప్పగా, గోషెనులో నివసింపనిచ్చి, వారిలో సమర్థులుంటే తన మందలమీదనే వారిని అధికారులనుగా ఉంచుమని యోసేపునకు ఆజ్ఞాపించెను. ధాన్యము మాత్రము పంచి పంపివేయలేదు. వారి చేతిలోని విద్య యేదో విచారించి, దానికి తగిన పని యిచ్చెను. ఐగుప్తీయులకు గొఱ్ఱెల కాపరులు హేయులని దానికి ముందరి అధ్యాయమే చెప్పుచుండగా, ఆ రాజు ఈలాగు చేసెను.

అయితే నిర్గమకాండము మొదటి అధ్యాయము తెరచుడి. అదే దేశము, అదే జనము. యోసేపు నెరుగని రాజొకడు వచ్చి, ఆ పరదేశులు విస్తరించుచున్నారని భయపడి, వారిమీద వెట్టి పనులు మోపెను. ఇటుకలు చేయించెను. ఈయన కూడ వారికి పని యిచ్చెననియే చెప్పవలెను! పనికి కొదువ లేదు. కావున పరదేశికి పని చూపుట దానంతట అదే పుణ్యము కాదు. ఏ ఫరో చేతిమీదుగా ఇచ్చుచున్నామో చూచుకొనవలెను.

ఈ భేదము మన తెలుగు సంఘముల పుట్టుకలోనే యున్నది. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును కాల్చిన మహాక్షామమును మన పూర్వులు ధాత కరువని పిలిచిరి. అప్పటి ప్రభుత్వము ఆకలిగొన్నవారికై పనులు తెరచెను. వాటిలో బకింగ్‌హాం కాలువ త్రవ్వుట యొకటి. అయితే ఖర్చు తగ్గింపవలెనని సర్ రిచర్డు టెంపుల్ 1877 ఆరంభమున కూలిని తగ్గించి, దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా నాలుగున్నర వందల గ్రాములు, దానితో కొద్ది చిల్లర చాలునని నిర్ణయించెను. మన్నుమోయు మనిషికి అది చాలదని మదరాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టరు కార్నిష్ పోరాడెను. కొన్ని నెలలకు కూలి పెరిగెను గాని, అప్పటికే ఎందరో పనిస్థలములలో కృశించిపోయిరి. పని యిచ్చిరి, బ్రదుకుటకు చాలినంత ఇయ్యలేదు.

అదే కాలువమీద ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు మూడు మైళ్లకు పైబడిన భాగమును తానే గుత్తకు తీసికొనిరి. ఇతర గుత్తేదారులయొద్ద మాదిగవారు తిట్లకును దెబ్బలకును లోనగుచుండిరి గనుక ఆయన ఈ పనికి పూనుకొనిరి. బోధకులనే పైవిచారణకర్తలనుగా నియమించి, గుడిసెలు వేయించి, కూలి చేతికి అందునట్లు చూచిరి. దూరపు గ్రామములనుండి కుటుంబములు నడచి వచ్చెను. ఇంకొక సంగతి మనము తరచుగా మరచుచున్నాము. కరువు సహాయము జరుగుచుండగా ఆయన బాప్తిస్మములు ఇయ్యలేదు. అన్నమునకై వచ్చినవారని ఎవరును అనకూడదని ఆపిరి. పనులు ముగిసి ఆశింపదగిన కూలి ఏమియు లేనప్పుడు జనులు తామై వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమియ్యబడెను. ఆ సంఖ్యను మనము పండుగలలో చెప్పుకొందుము. అంతకు ముందటి మన్నుతట్టలను గూర్చి అంతగా చెప్పుకొనము.

మనవారు పరదేశులైన కాలములు ఇంకను గలవు. గోదావరి, విశాఖ తీరములనుండి మనవారు తరతరములు రంగూనుకు పోయి రేవులలోను బియ్యపు మిల్లులలోను పని చేసిరి. కోరంగి రేవునుండి ఓడ ఎక్కుటచేత అక్కడివారు వారిని కోరంగీలనిరి. 1942లో యుద్ధమునకు భయపడి అడవుల గుండ నడచి వచ్చినవారును, 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసిన తరువాత చేతిలో చిల్లిగవ్వ లేక ఓడ దిగినవారును అందులో నుండిరి. అప్పుడు భారత ప్రభుత్వము వారిని రేవులో విడిచిపెట్టలేదు. చిన్న వ్యాపారములకు అప్పులిచ్చెను, ఇండ్ల స్థలములిచ్చెను, 1963 జూన్ 1 తరువాత బర్మానుండి వచ్చినవారికి కేంద్ర ఉద్యోగములలో వయోపరిమితి సడలించెను. వారికిని సింహళమునుండి వచ్చినవారికిని సహాయముగా 1969లో మద్రాసునందు రెప్కో అను సహకార బ్యాంకు స్థాపింపబడెను. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. వారు మన రక్తము, మన భాష గనుక చేసితిమని కొందరందురు. సరే. అయితే 1959 తరువాత వచ్చిన టిబెట్టువారు మన భాష వారు కారు. వారికి కర్ణాటకలోని బైలకుప్పెలో భూములిచ్చి, 2014లో ఒక పునరావాస విధానము ప్రకటించి, ప్రభుత్వ పథకములు వారికిని వర్తింపజేయుమని కేంద్రము రాష్ట్రములకు చెప్పెను. చేయదలచినప్పుడు మన దేశము చేయగలదు.

ఇప్పుడు అదే బర్మానుండి 2012లోను 2017లోను జరిగిన హింసాకాండకు పారిపోయి వచ్చినవారు మలక్‌పేట అడ్డాలో దూరముగా నిలిచియున్నారు. శరణార్థులకు కూలిపని చేయు హక్కును గుర్తించు 1951వ సంవత్సరపు అంతర్జాతీయ ఒడంబడికమీద మన దేశము సంతకము చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల కార్యాలయమువారు ఇచ్చిన కార్డు వారియొద్ద నుండవచ్చును గాని, దానితో ఇక్కడ పని చేయుటకు అనుమతి రాదు. దేశ సరిహద్దులను కాయుట ప్రభుత్వము పని. రోమా పత్రిక పదమూడవ అధ్యాయము చదువువారమైన మనము దానిని కాదనము. ఎవరిని ఉండనియ్యవలెను, ఎవరిని పంపవలెను అనునది పాలకులు తీర్చవలసినది. అయితే ఉన్నన్ని దినములు ఆ మనిషి తినవలెను. అతడు పని చేయుచునే యున్నాడు. మేస్త్రీ అతనిని తీసికొని పోవుచునే యున్నాడు. అనుమతి లేనందున పని ఆగలేదు. కూలి మాత్రము సగమైనది.

మా కుఱ్ఱవాని మొఱకు జవాబు ఇక్కడనే యున్నదని మాకు తోచుచున్నది. పరదేశి సగము కూలికి ఏల ఒప్పుకొనును? ఆకలివలనననిన, మా వానికిని ఆకలి గలదు. భేదమేమనగా, మేస్త్రీ కూలి ఎగవేసినచో మావాడు కార్మిక శాఖ కచేరీకి పోగలడు. పోకపోయినను, పోగలడని మేస్త్రీకి తెలియును. పరదేశి పోలేడని కూడ మేస్త్రీకి తెలియును. చట్టము వెలుపల నిలిచినవాడు చౌకగా దొరకును. వానిని చౌకగా కొనుటకు అలవాటుపడిన మేస్త్రీ రేపు మనవానికిని అదే ధర చెప్పును. కావున పరదేశిని అడ్డానుండి తరిమినంత మాత్రమున మన కుఱ్ఱవాని కూలి నిలువదు. అతడు పోయిన చోట ఇంకొక దిక్కులేనివాడు వచ్చి నిలుచును. ఇద్దరికిని ఒకే కూలి, ఒకే కచేరీ యున్నప్పుడే అది నిలుచును. మోషే ధర్మశాస్త్రము కూలివానిని గూర్చి చెప్పునప్పుడు సహోదరుడైనను, పరదేశియైనను అని ఇద్దరిని ఒక్క వాక్యములో చేర్చి, ప్రొద్దు గ్రుంకకముందే కూలి ఇయ్యవలెనని ఆజ్ఞాపించుటలో (ద్వితీ. 24:14, 15) ఎంత లోతైన తెలివి యున్నదో ఆ దినము గ్రహించితిమి. అది పరదేశికి మాత్రమే మేలు కాదు.

మన దేశపు వలస కూలీలకైనను ఈ చట్టము పూర్తిగా అందుచున్నదా? పథకములు లేకపోలేదు. ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవు కూలీల రక్షణకు 1979లో చట్టము వచ్చెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన క్రొత్త కార్మిక స్మృతులలో అది కలిసిపోయెను. కట్టడపు కూలీలకై 1996లో చట్టము వచ్చెను. పేరు నమోదు చేసికొన్నవానికి సహాయములు గలవు గాని, గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు కట్టడపు పని చేసినట్లు చూపవలెను. అడ్డాలో నిలుచువానికి దినమున కొక యజమాని. తొంబది దినములకు సాక్ష్యమెవరు చెప్పుదురు? 2020 వరకు ఈ ప్రశ్న ఎవరికిని అంతగా పట్టలేదు. ఆ సంవత్సరము మార్చిలో దేశమంతయు మూసివేయబడినప్పుడు రోడ్లన్నియు నడచిపోవువారితో నిండెను. తెలంగాణ ప్రభుత్వము వలస కూలి ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యమును 500 రూపాయలును ఇచ్చెను. మే 1న మన హైదరాబాదు లింగంపల్లి స్టేషనునుండియే దేశములో మొదటి శ్రామిక రైలు జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరెను. మరుసటి సంవత్సరము ఆగష్టు 26న అసంఘటిత కార్మికుల పేర్లు వ్రాయుటకు ఈ-శ్రమ్ అను పట్టిక తెరచిరి. దానిలో కోట్లాదిమంది చేరిరి. పేరు వ్రాయబడుట మంచిదే. గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు కాపరిని సేవించువారమైన మనము దానిని చిన్నచూపు చూడరాదు. అయినను పేరు వ్రాసినంత మాత్రమున మేస్త్రీ బండి ఆగదు.

అపొస్తలుల కార్యములు పదునెనిమిదవ అధ్యాయములో అకుల, ప్రిస్కిల్ల అను భార్యాభర్తలు కనబడుదురు. చక్రవర్తి ఆజ్ఞవలన రోమానుండి వెళ్లగొట్టబడి కొరింథునకు వచ్చినవారు. డేరాలు కుట్టువారు. పౌలు అక్కడికి వచ్చినప్పుడు ఆయనకు పని దొరికినది వారి యింటనే. ఆ శరణార్థులు తలుపు మూసికొనియుంటే కొరింథులో అపొస్తలుడు ఏమి తిని బోధించెడివాడో!

చట్టము, పథకము ప్రభుత్వము చేతిలోనివి. చేను మాత్రము మన చేతిలో నున్నది. రూతు మోయాబీయురాలు. పరదేశికి పరిగె విడువవలెనని ఇశ్రాయేలులో చట్టముండెను. దానివలన ఆమె చేనిలోనికి పోగలిగెను. కాని ఆమెను ముట్టకూడదనియు, అవమానపరచకూడదనియు, పనలలోనుండి కొన్ని పిడికిళ్లు కావలెననే జారవిడువుడనియు పనివారితో చెప్పినది బోయజు. చట్టము ఆమెను గట్టువరకు తెచ్చెను. ఆ పిడికిళ్లు చట్టములో వ్రాయబడలేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. రెండేండ్ల క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒడిశానుండి ఇటుక బట్టీ పనికి వచ్చిన మనిషియొకడు చిన్న కూతురుతో మా వరండా క్రింద నిలిచెను. అతనికి తెలుగు సరిగా రాదు. బయలుదేరకముందు సర్దారు చేతిమీదుగా బయానా తీసికొన్నాడనియు, బిడ్డకు జబ్బుగా నున్నందున ఊరికి పోవలెననియు, లెక్క తేలువరకు పోవద్దని తమ గుర్తింపు కార్డులు బట్టీలో ఉంచుకొన్నారనియు మాకు అర్థమైనది. మేము వచ్చి ఒక మాట చెప్పవలెనని అతడు కోరెను. అప్పు పేరున మనిషిని పట్టియుంచుట 1976వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరమని మాకు తెలియును. తెలిసియు, మీ సర్దారుతోనే మాటలాడుకొమ్మని చెప్పి, బిడ్డకు రెండు అరటిపండ్లిచ్చి పంపితిమి. ఆ సాయంకాలము మాకు మరియొక కూటమున్నది. తరువాత వారు ఏమైరో తెలియదు. మలక్‌పేటలో ఆ పదిగంటల ఎండలో నిలిచినవారిని చూచినప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది ఆ బిడ్డయే. అరటిపండ్లు దయ. అతడు అడిగినది దయ కాదు.

గడచిన నెల పెద్దల కూటములో ఈ సంగతియు చెప్పితిమి. ఇటుక బట్టీలు మరల మొదలగు కాలము వచ్చుచున్నది గనుక, ఆదివారము మధ్యాహ్నములు దేవాలయపు వరండాలో చదువు వచ్చిన మన పిల్లలు నలుగురు కూర్చుండి, వచ్చిన కూలివారి పేర్లు ఈ-శ్రమ్ పట్టికలో వ్రాయించుటకును, పని దినములు చిన్న పుస్తకములో గుర్తు వేయుటకును, పిల్లలను బడికి చేర్చుటకును సహాయము చేయవలెనని ప్రతిపాదించితిమి. మలక్‌పేటనుండి వచ్చిన మా కుఱ్ఱవాడు తన పేరే మొదట ఇచ్చెను. 90 దినముల పుస్తకము తనకును కావలెననెను.

తిమోతి పత్రిక చూపించిన ఆ పెద్దవారు చాలసేపు మాటలాడలేదు. చివరకు, "కాగితాలు రాసుటకు నాకు అడ్డు లేదు, అయ్యగారూ. ఆ కార్డులు దగ్గర పెట్టుకున్న బట్టీ మన సంఘస్థునిదే గదా. కోతకాలపు కానుకలలో అందరికంటె ఎక్కువ ఇచ్చేది ఆయనే. ఆయనతో ఎవరు మాట్లాడుతరు?" అని అడిగిరి.

కూటములో ఎవరును మాటలాడలేదు. మేమును వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. వచ్చే శనివారము సాయంకాలము ఆయన యింటికి పోవుటకు నిశ్చయించుకొన్నాము. ఆ పెద్దవారు తామును వెంట వచ్చెదమని కబురు పంపిరి.